ఫార్మాట్ కొట్టిన రాత్రులు

రెడ్‌హ్యాట్ 9 మూడు సీడీల మీద వచ్చేది. 2003 మార్చి ఆఖర్న అది బయటికొస్తే, టెక్కలి చేరేసరికి ఎండలు ముదిరిపోయాయి. మాకొచ్చినవి అట్టపెట్టెలో పెట్టి అమ్మే కంపెనీ సీడీలు కావు. విశాఖలో తెలిసినవాళ్ళు ఇంటర్నెట్ నుంచి దింపి, రాసి, ఊరికొచ్చే కుర్రాడెవడి చేతికో ఇచ్చి పంపినవి. పైన నల్ల మార్కరుతో 1, 2, 3 అని అంకెలు. ల్యాబులో సిస్టములు ముప్పై పైచిలుకు, సీడీల సెట్లు మాత్రం రెండు. ఈ లెక్క అర్థమైనవాళ్ళకి ఆ రాత్రుళ్ళు ఎలా గడిచేవో వేరే చెప్పక్కర్లేదు. అర్థమయ్యేవాళ్ళు తగ్గిపోతున్నారు గనక చెబుతున్నాను.

నేనప్పుడు టెక్కలి వైపు ఒక ఇంజినీరింగు కాలేజీలో ల్యాబ్ అసిస్టెంటుని. ఊరు భావనపాడు, సంతబొమ్మాళి మండలం. నౌపడ ఉప్పుమళ్ళు దాటి, సరుగుడు తోటల పక్కనుంచి బస్సొచ్చి ఆగితే అక్కడితో రోడ్డు సరి, ఆ తర్వాత ఇసకే. మా ఇంట్లో అందరిదీ వేట. పగలంతా పిల్లల ల్యాబులు కాబట్టి సిస్టములు మా చేతికి చిక్కేది సాయంత్రం అయిదు దాటాకే. అవి వదిలి వెళ్దామనుకునేసరికి మా ఊరి ఆఖరి బస్సు పోయేది. అందుకని సెమిస్టరు మొదలయ్యే ముందు, మళ్ళీ ల్యాబ్ పరీక్షల ముందు, నా పడక అక్కడే. ల్యాబులో ఏసీ ఉండేది. ఎండాకాలంలో భావనపాడు కుర్రాడికి అదేం చిన్న భాగ్యం కాదు.

ఇన్నిసార్లు ఫార్మాట్ కొట్టడం ఎందుకని ఇప్పటి పిల్లలు అడుగుతారు. జేఎన్‌టీయూ సిలబస్సులో యూనిక్స్ ల్యాబు ఉండేది. వీఐ ఎడిటరు, షెల్ ప్రోగ్రాములు. పిల్లల సంచుల్లో సుమితాభ దాస్ పుస్తకమో, యశవంత్ కనెట్కర్ పుస్తకమో ఉండేది. అసలు యూనిక్స్ కొని పెట్టే తాహతు మన వైపు కాలేజీలకి ఎక్కడిది? లినక్స్ డబ్బులడగదు. అవే సిస్టముల్లో పక్కన విండోస్ కూడా ఉండాలి, వేరే ల్యాబులకి. ఎవడో ఒకడు ఆటల కోసం విండోస్ మళ్ళీ ఎక్కించేవాడు. అది వస్తూనే డిస్కు మొదట్లో కూర్చున్న గ్రబ్‌ని తుడిచేసేది. లినక్స్ ఎక్కడికీ పోదు, డిస్కులోనే ఉంటుంది, దాన్ని లేపే దారి మాత్రం పోతుంది. పొద్దున్నే గుమ్మం దగ్గర ఒక మొహం: “సార్, పదకొండో సిస్టం పోయింది.”

సీడీ పెట్టి ఎంటర్ కొడితే ప్రశ్నలు మొదలయ్యేవి. ఏ భాష? ఏ కీబోర్డు? మౌసుకి మీటలు రెండేనా, మూడోది ఉన్నట్టు నటించమంటావా? డిస్కుని ముక్కలు నువ్వు చేస్తావా, నన్ను చెయ్యమంటావా? బూట్‌కి వంద ఎంబీ, స్వాప్‌కి ర్యామ్‌కి రెట్టింపు, మిగిలిందంతా రూట్‌కి. ర్యామ్ 128 ఎంబీ, కాబట్టి స్వాప్ 256. నిద్రలో లేపి అడిగినా చెప్పేవాళ్ళం. ఏ ఊరి టైము అంటే జాబితాలో హైదరాబాదూ లేదు, మద్రాసూ లేదు, కలకత్తా ఒక్కటే ఉంది. మన వైపు రైళ్ళన్నీ ఎలాగూ హౌరా వైపే పోతాయి గనక మాకది పెద్ద పట్టింపు కాలేదు. రూట్ పాస్‌వర్డు రెండుసార్లు. ప్యాకేజీలు ఏవేవి కావాలో ఒక్కొక్కటే టిక్కు. ఆ తర్వాత చాలాసేపు నీలంగీత కుడివైపు పాకుతూ ఉండేది. ట్రే దానంతటదే బయటికొచ్చి రెండో సీడీ అడిగేది. ఆఖర్న మానిటరు గొడవ. హారిజాంటల్ సింక్ ఎంత, వర్టికల్ రిఫ్రెష్ ఎంత అని అడిగేది. వాటి కాగితాలు కాలేజీ స్టోర్సులో ఏ బీరువాలో ఉండేవో ఎవరికీ తెలీదు. పొరపాటు అంకె ఇస్తే ఆ పెద్ద గాజుబుడ్డి మానిటరు సన్నగా ఈల వేసేది.

ఇలా ఒక్కో సిస్టముకీ గంట. ఒకదానిలో మొదటి సీడీ అవగానే దాన్ని తీసుకెళ్ళి పక్కదానిలో పెట్టడం, ఇక్కడ రెండోది పెట్టడం. రెండు సెట్లతో రెండు వరసల మధ్య చెప్పుల్లేకుండా తిరగడమే. కరెంటు పోయిందంటే యూపీఎస్ కీచుమనేది. బ్యాటరీలు ఎప్పుడో చచ్చిపోయి ఉండేవి గనక ఆ కీచు వినిపించిన కాసేపటికి అన్ని నీలంగీతలూ ఒక్కసారే ఆరిపోయేవి. మళ్ళీ ఏ భాష, ఏ కీబోర్డు.

మా తీరానికే ప్రత్యేకమైన బాధ ఇంకోటి ఉంది, ఉప్పుగాలి. నాలుగు రోజులు ముసురు పట్టిందంటే సిస్టం ఆన్ చెయ్యగానే బీప్ బీప్‌మని అరుపు, తెర మీద ఏమీ ఉండదు. క్యాబినెట్ విప్పి, ర్యామ్ పీకి, దాని బంగారు పళ్ళని పెన్సిల్ రబ్బరుతో రుద్ది మళ్ళీ గుచ్చితే లేచేది. నా జేబులో ఎప్పుడూ నటరాజ్ రబ్బరు ఒకటి ఉండేది. ఫ్లాపీలకైతే బూజు పట్టేది. వాటి కన్నా ఎండు చేపలు ఎక్కువ కాలం నిలవుండేవి.

గంటసేపు నీలంగీతని చూస్తూ ఏం చేస్తాం? ఆ రాత్రుళ్ళ సారమంతా అక్కడే ఉంది. హాస్టలు పిల్లలు భోజనాలయ్యాక చేరేవాళ్ళు. పలాస వైపు కుర్రాడొకడు జీడిపప్పు బద్దలు తెచ్చేవాడు, వాళ్ళ నాన్న ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. అందరికీ పైన మా సార్. ఆయనది పర్లాకిమిడి. అక్కణ్ణించి నౌపడ పోయే నేరోగేజి చిన్నబండి అప్పటికింకా తిరుగుతోంది, ఆయన అందులోనే టెక్కలి వచ్చేవాడు. చిన్నబండి తీరుని బట్టి ఆయన రాక. ఆలస్యమైనందుకు ఆయన్ని ఎవరూ ఏమీ అనలేదు, ఆ బండి సంగతి అందరికీ తెలుసు. 2004లో గేజి మార్చడానికని దాన్ని ఆపేశారు, పెద్ద పట్టాల మీద గుణుపురం దాకా మళ్ళీ రైలు నడిచేసరికి 2011 వచ్చింది. ఈలోగా సార్ బస్సులకి అలవాటు పడ్డాడు.

నీలంగీత నడుస్తూండగా సార్ కంట్రోల్, ఆల్ట్, ఎఫ్2 కలిపి నొక్కేవాడు. బొమ్మలన్నీ మాయమై నల్లటి తెర, ఒక ప్రాంప్టు. ఎఫ్3 కొడితే ఇన్‌స్టాలరు ఏం చేస్తోందో దాని చిట్టా. ఎఫ్4 కొడితే కెర్నెల్ గొణుగుడు. “ఇల్లు కడుతున్నప్పుడే గోడల్లో ఏముందో చూడాలిరా, సున్నం వేశాక ఏం కనిపిస్తుంది?” అనేవాడు. ఆ నల్లతెర మీదే మౌంట్ అంటే ఏమిటో, హెచ్‌డీఏ అంటే ఏ డిస్కో, చ్‌రూట్ అంటే ఏ లోకంలోకి దిగడమో పిల్లలు చూశారు. పగటి ల్యాబులో అవే పిల్లలు ఫైబొనాచ్చీ షెల్ ప్రోగ్రాము రికార్డులో ఎక్కించుకుని సంతకం పెట్టించుకునేవాళ్ళు. నా దృష్టిలో ఆ కాలేజీలో యూనిక్స్ ల్యాబు రాత్రి తొమ్మిదికి మొదలయ్యేది.

లినక్స్ మా వైపు రావడమే అలా చేతులు మారుతూ వచ్చింది. తొంభైల మధ్యలోనే పీసీ క్వెస్ట్ పత్రిక తన సంచికతో పాటు లినక్స్ సీడీ ఇవ్వడం మొదలుపెట్టింది. అతుల్ చిట్నిస్ అనే ఆయన దాని వెనక ఉండేవాడు. డయలప్ కనెక్షను మీద ఒక్క సీడీ దింపాలంటే రోజులు పట్టే కాలంలో, రైల్వే స్టేషను పుస్తకాల కొట్టులో అట్టకి అతికించిన లినక్స్ దొరకడం మామూలు సంగతి కాదు. 2003లో లినక్స్ ఫర్ యూ అనే పత్రిక కూడా వచ్చింది. విశాఖ వెళ్ళినవాళ్ళందరికీ మాది ఒకటే పురమాయింపు: పత్రిక తెచ్చినా తేకపోయినా సీడీ గీతపడకుండా చూడండి.

ఇక స్క్రిప్టు సంగతి. రెడ్‌హ్యాట్ ఇన్‌స్టాలరు పేరు అనకొండ. అది పని ముగించి పోతూ పోతూ రూట్ యూజరు హోమ్ డైరెక్టరీలో ఒక ఫైలు వదిలేసి పోయేది, అనకొండ-కేఎస్. మనం చెప్పిన జవాబులన్నీ, భాష దగ్గర్నుంచి పాస్‌వర్డు దాకా, అందులో వరసగా రాసి ఉంటాయి. పాస్‌వర్డు మాత్రం గిలకొట్టి. డిస్కు ముక్కలు చేసే వరసల ముందు ఒక్కో దానికీ హ్యాష్ గుర్తు పెట్టి ఉంచేది, తెలియక ఎవడైనా నడిపి ఉన్న డిస్కు చెరుపుకోకుండా. ఈ ఫైలుని సార్ ఒక రాత్రి మాకు చూపించాడు. ఆ హ్యాష్‌లు తీసి, కేఎస్.సీఎఫ్‌జీ అని పేరు మార్చి, ఫ్లాపీలో వేసి, బూట్ ప్రాంప్టు దగ్గర “లినక్స్ కేఎస్=ఫ్లాపీ” అని కొడితే చాలు. ప్రశ్న అడగదు. జవాబులన్నీ ముందే జేబులో ఉన్నాయి కదా. దీన్నే కిక్‌స్టార్ట్ అంటారు. సన్ కంపెనీవాళ్ళకి సొలారిస్‌లో జంప్‌స్టార్ట్ అని అంతకుముందే ఉండేది. డెబియన్‌లో ప్రీసీడ్ అని తర్వాత వచ్చింది.

సీడీల బెడద కూడా పోవాలి గనక మూడు సీడీలనూ ఒక పాత సిస్టములోకి కాపీ చేసి, ఎన్ఎఫ్ఎస్ ద్వారా మిగతావాటికి తలుపు తెరిచాం. అన్నీ ఒకేసారి దాని మీద పడితే మా పాత హబ్బు ఊపిరాడక మూలిగేది. అయిదారేసి చొప్పున వదిలితే గాని నడిచేది కాదు.

జవాబుల ఫైలు ఒక ఎత్తు, దాని తోకలో ఉండే ‘పోస్ట్’ భాగం ఇంకో ఎత్తు. ఇన్‌స్టాలేషను అయ్యాక, కొత్త సిస్టం లోపలికి దిగి నడిచే షెల్ స్క్రిప్టు అది. మా రాత్రుళ్ళన్నీ వెళ్ళి చేరింది అందులోకే. సెండ్‌మెయిల్ ఆపెయ్యి అని ఒక వరస ఉండేది. సిస్టం పేరు ఎవరికీ తెలియని చోట సెండ్‌మెయిల్ ఆ పేరు వెతుక్కుంటూ బూటింగు మధ్యలో నిమిషాల కొద్దీ నిలబడిపోయేది, పిల్లలు హ్యాంగ్ అయిందనుకుని స్విచ్ కట్టేసేవాళ్ళు. కుడ్జు ఆపెయ్యి అని ఇంకో వరస. ఎవడో మౌసు పీకి పక్క సిస్టముకి పెట్టుకుంటే కుడ్జు లేచి, పాత మౌసు కనబడటం లేదు, దాని సెట్టింగులు తీసెయ్యనా అని అడిగేది. పిల్లలు ఊఁ అనేవాళ్ళు. ఇనిట్‌టాబ్‌లో కంట్రోల్-ఆల్ట్-డిలీట్ వరసకి హ్యాష్ పెట్టు అని మరొకటి. విండోస్ అలవాటు కొద్దీ ఆ మూడు మీటలూ నొక్కేవాడికి లినక్స్ మారుమాట లేకుండా రీబూట్ అయిపోయేది, వాడు రాసుకున్న ప్రోగ్రాము గంగలో. ఆపైన ఒక ఫర్ లూపు, పిల్లలందరికీ యూజర్ ఐడీలు. ఐపీ అడ్రసులో చివరి అంకె చూసి సిస్టముకి పేరు పెట్టే నాలుగు వరసలు. సర్వరుని ఆ దశలో పేరుతో పిలిస్తే పలకదు, నంబరుతోనే పిలవాలి. అదీ ఒక రాత్రి తెల్లారాకే తెలిసింది. సర్వరుని మౌంట్ చేసే ముందు ‘స్లీప్ 20’, అంటే ఇరవై సెకన్లు ఊరుకో అని. మూడో వరసకి వెళ్ళే స్విచ్చి ఆలస్యంగా మేలుకునేది.

పక్కన కామెంట్లు మా భాషలోనే రాసుకున్నాం, ఇంగ్లిషు అక్షరాలతో. “ఇది తీయకండి, మూడో వరస ఏడుస్తుంది” అని ఒకటి. “ఈ నంబరు సార్‌ని అడక్కుండా మార్చొద్దు” అని ఇంకొకటి. కాలేజీ పత్రాల్లో ఎక్కడా లేని ల్యాబు చరిత్ర ఆ హ్యాష్ గుర్తుల వెనక ఉంది.

మొదటిసారి అది పూర్తిగా నడిచిన రాత్రి సంగతి చెప్పాలి. ఫ్లాపీలు పెట్టాం, ప్రాంప్టు దగ్గర ఆ ఒక్క ముక్క కొట్టాం. నీలంగీతలు వాటంతటవే బయల్దేరాయి. హాస్టలు పిల్లలు అలవాటు చొప్పున వచ్చి నిలబడ్డారు. సార్ కుర్చీలో కూర్చున్నాడు. ఎవరికీ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. కాసేపటికి జీడిపప్పు కుర్రాడు, “మనం ఎళ్ళిపోవచ్చా సార్?” అన్నాడు. వెళ్ళిపోవచ్చు మరి.

ఆ వారం ఇంటికెళ్ళినప్పుడు మా అయ్యకి ఇది చెప్పాను. వల బాగుచేసుకుంటూ విన్నాడు. ఆయనకి కంప్యూటరు మీద ఉన్న ఆశ వేరు. హైదరాబాదులో ఇన్‌కాయిస్ వాళ్ళు ఉపగ్రహం చూసి చేపలు ఎటు తిరుగుతున్నాయో చెబుతున్నారని రేవులో విన్నాడు. “నీ పెట్టి అది సెప్పదేటి?” అని అడిగాడు ముందు. చెప్పదన్నాను. స్క్రిప్టు గురించి మళ్ళీ వివరించాను.

“అంటే రాత్రల్లా ఆ గుంటలు రానక్కర్నేదా?”

“అక్కర్లేదు.”

“తెప్పకి ఇంజను ఎట్టినప్పుడూ ఇలగే సంబరపడినాం” అన్నాడు. “ఒడ్డుకి బేగి వచ్చీసినాం. తెరచాప ఎత్తడం, గాలి సూడడం నేర్పడానికి మరి ఎవుడూ దొరకనేదు. నేర్సుకోవాలనీ ఎవుడికీ నేదు.” అంతటితో మళ్ళీ వల్లో పడ్డాడు. ఇంజను తీసెయ్యాలని మాత్రం ఆయన ఎప్పుడూ అనలేదు.

నేనూ అనను. అప్పటి కష్టాన్ని తలుచుకుని మురిసిపోయేవాళ్ళంటే నాకు చిరాకు. సీడీ గీతపడి మూడో సీడీ దగ్గర ఆగిపోయినప్పుడు తెల్లవారుజామున నాలుగింటికి మనసులో ఏముంటుందో వాళ్ళు మరిచిపోయారు. కానీ ఒకటి నిజం. స్క్రిప్టు రాయగలిగింది స్క్రిప్టు లేని రాత్రుల్లో పెరిగినవాళ్ళే. దాని తర్వాత చేరిన ల్యాబ్ అసిస్టెంట్లు చురుకైనవాళ్ళు, నా కన్నా బాగా చదువుకున్నవాళ్ళు. ఫైలు నడపడం వాళ్ళకి వచ్చు. సెండ్‌మెయిల్ ఎందుకు ఆపామో అడిగినవాడు లేడు, ఎందుకంటే అది నిలబడిపోవడం వాళ్ళెప్పుడూ చూడలేదు.

ఆ తర్వాత అన్నీ చకచకా జరిగిపోయాయి. రెడ్‌హ్యాట్ తన ఉచిత లినక్స్‌కి మంగళం పాడింది, 2003 నవంబరులో ఫెడోరా వచ్చింది, మా ఫైలు ఫెడోరాకి మారింది. పీఎక్స్ఈ ఉన్న నెట్‌వర్కు కార్డులతో సిస్టములు కొన్నాక ఫ్లాపీ కూడా పోయింది. ఆన్ చేస్తే కార్డే డీహెచ్‌సీపీని అడ్రసు అడిగి, టీఎఫ్‌టీపీ నుంచి కెర్నెల్ తెచ్చుకుని, తన పని తాను చూసుకునేది. హెచ్‌డీఏ కాస్తా ఎస్‌డీఏ అయింది. మానిటర్లు పలచబడి సింకుల గోల వదిలింది.

ఉబుంటు వచ్చాక ఇంకో ముచ్చట. అడ్రసు ఇస్తే చాలు, విదేశం నుంచి సీడీలు పోస్టులో పంపేవాళ్ళు, పైసా తీసుకోకుండా. షిప్‌ఇట్ అనేవారు దాన్ని, 2011 దాకా నడిచింది. భావనపాడు మా ఇంటి చిరునామాకి ఆ కవరు వచ్చినప్పుడు పోస్టుమేను దాన్ని నాకిచ్చే ముందు వీధిలో నాలుగిళ్ళకి చూపించాడు. కొన్నాళ్ళకి సీడీలు పాతబడితే మా అప్ప వాటికి దారం కట్టి చేపలెండేసే పందిరికి వేలాడదీసింది. ఎండకి తళతళమంటే కాకులు రావని. వచ్చేవి.

హైదరాబాదులో స్వేచ్ఛ సంస్థవాళ్ళు డెబియన్ మీద తెలుగు డెస్క్‌టాపు తయారుచేసి, కాలేజీల్లో పిల్లలని కూర్చోబెట్టి లినక్స్ ఎక్కించే మేళాలు పెట్టేవారు. అలాంటి ఒకదానికి మన పిల్లలని కొందరిని పంపాం. అక్కడ స్క్రిప్టు లేదు. ఒక్కొక్కరూ ఒక్కో ప్రశ్నకీ జవాబు చెప్పి ఎక్కించుకోవాలి, తప్పుపోతే పక్కవాడు చెప్పాలి. మెనూలన్నీ తెలుగులో ఉండేవి. వాటిని ఎవరో జీతం లేకుండా కూర్చుని ఒక్కో మాటా తెలుగు చేశారు. తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారు చేసిన పోతన, వేమన ఫాంట్లు అప్పటికి అందరికీ ఉచితంగా దొరుకుతున్నాయి. మా పోస్ట్ భాగంలో ఆ ఫాంట్లని కాపీ చేసే రెండు వరసలు చేరింది ఆ మేళా నుంచి వచ్చిన పిల్లల వల్లే. నేను రాయని వరసలు ఆ ఫైల్లో అవే మొదటివి. బయటినుంచి నేర్చుకొచ్చి, నాకు చెప్పకుండా పెట్టేశారు. బాగానే పెట్టారు.

ఇప్పుడు మా ఊరి పక్కన మూలపేట ఓడరేవు పని జరుగుతోంది, 2023 ఏప్రిల్‌లో శంకుస్థాపన చేశారు. అంతకుముందు ఏళ్ళ తరబడి అందరూ భావనపాడు పోర్టు అనేవారు, ఆ పేరు కాయితాల్లోంచి పోయింది. మూలపేట, విష్ణుచక్రం ఊళ్ళవాళ్ళని లేపి నౌపడ దగ్గర ఇళ్ళిస్తున్నారు. నేను కాలేజీ వదిలి చాలా కాలమైంది.

కిందటేడు బెంగళూరు నుంచి ఫోను. జీడిపప్పు కుర్రాడు. కుర్రాడేమిటి, జుట్టు నెరిసుంటుంది. ఒక డేటా సెంటరులో వందల సర్వర్లు వాడి చేతి కింద ఉన్నాయి. అవన్నీ ఆల్మాలినక్స్, ఇప్పటికీ కిక్‌స్టార్టే. మన ఫైలు తనతో పట్టుకెళ్ళాడట. ఉద్యోగం మారినప్పుడల్లా కొంత తీసేసి, కొంత చేర్చి, ప్రతి భాగం చివర ఇప్పుడు తప్పనిసరైన ‘ఎండ్’ పెట్టుకుని వాడుతున్నాడు. కుడ్జు వరస ఎప్పుడో తీసేశాడు. ఆ ప్రోగ్రామే ఇప్పుడు లేదు.

“సార్, పోస్ట్‌లో స్లీప్ 20 అని ఉంది. పక్కన మూడో వరస ఏడుస్తుంది అని కామెంటు. నా కింద పనిచేసే పిల్లలు ఇదేంటని అడుగుతున్నారు. నాకూ గుర్తు లేదు.”

స్విచ్చి సంగతి చెప్పాను. అది కిటికీ పక్కన ఉండేదనీ, ఉప్పుగాలికి దాని కనెక్టర్లు పచ్చబడి ఉండేవనీ.

“తీసెయ్యనా మరి?”

“తీసి ఒక సర్వరు మీద నడిపి చూడు.”

సాయంత్రం మెసేజి పెట్టాడు. తీసేశాడట, బాగానే నడుస్తోందట. కామెంటు మాత్రం వాళ్ళ పిల్లలు ఉంచమన్నారట, దాని కింద ఇంగ్లిషులో వాళ్ళదొకటి రాసుకున్నారట. ఏం రాశారని అడిగితే ఫొటో పంపిస్తానన్నాడు, ఇంకా పంపలేదు.